చెరో ముందు చక్రం

మంచు కరిగి, మేకల ఉన్ని దువ్వడం పూర్తయిన రోజుల్లో మా అమ్మ రష్యా జీపు మూలగడం మొదలుపెట్టింది. మొదట్లో నాకు వినిపించేదే కాదు. తర్వాత తర్వాత ఊళ్ళోకి వెళ్ళే మట్టిరోడ్డు ఎక్కగానే మేం గొంతు పెంచి మాట్లాడుకోవలసి వచ్చేది.

"టైర్లు అరిగాయేమోనమ్మా," అన్నాను ఒకరోజు.

"టైరైతే గరగరలాడుతుంది. ఇది లోపల్నించి వస్తోంది. క్లచ్చి తొక్కినా తగ్గట్లేదు చూడు. బేరింగులే. ముందువి, రెండు పక్కలా."

"రెండు పక్కలా అని ఎలా చెప్తావ్?"

"ఎడమకి తిప్పితే కుడి పక్క ఏడుస్తోంది. కుడికి తిప్పితే ఎడమ పక్క ఏడుస్తోంది. ఇంకెలా చెప్పమంటావ్, అవి వచ్చి చెవిలో చెప్పాలా?"

మా అమ్మ పేరు దుల్మా. పశువులన్నీ ప్రభుత్వ సమితివిగా ఉన్న రోజుల్లో పాల లారీ నడిపింది. అరవై దాటినా ఆమె ఒక మాట అన్నాక దానికి తిరుగుండదు. ఇంటికి రాగానే ఒక పక్క జాకీ పెట్టి చక్రం లేపించింది. పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపమంది. ఊపాను. చక్రం మొత్తం పట్టు తప్పిన పన్నులా కదిలింది. రెండో పక్కా అంతే.

ఎప్పట్లా అయితే ఆమే కూర్చుని విప్పేసేది. కానీ ఆ చలికాలం గుర్రం మీద నుంచి పడ్డాక కుడి భుజం పైకి లేవడం లేదు. టపా బండి ఎక్కి జిల్లా కేంద్రంలో బజారుకి వెళ్ళి, ఒక్కో బేరింగునీ చెవి దగ్గర తిప్పి చూసుకుని, నచ్చనివి పక్కన పడేసి, రెండు చక్రాలకీ సరిపడా బేరింగులూ, ఆయిల్ సీళ్ళూ, ఒక డబ్బా గ్రీజూ తెచ్చింది. తర్వాత ఇద్దరు అల్లుళ్ళకీ విడివిడిగా ఫోన్ చేసింది. ఒకడికి చెప్పిన సంగతి రెండోవాడికి చెప్పలేదు.

"ఇద్దర్నీ ఎందుకు పిలిచావమ్మా? వాళ్ళ సంగతి నీకు తెలుసుగా," అన్నాను.

"ఒక్కడికి చెప్తే వాడు రాడు. ఇద్దరికీ చెప్తే ఒకడైనా వస్తాడని చెప్పాను. పెద్ద ఆలోచనేం చెయ్యలేదు."

చెప్పిన రోజుకి ఇద్దరూ వచ్చారు.

వాళ్ళ సంగతి చెప్పాలి. మా అక్క నరా మొగుడు గోంబో. భారీ మనిషి, నోరు అంతకంటే భారీ. పెట్రోలు ట్యాంకరు నడుపుతాడు. దారిలో ఏ గుడారం దగ్గర ఆగినా ఆయన టీ తాగి లేచేసరికి ఆ ఇంటివాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతుంటారు. మా ఆయన ఎనెబిష్ సన్నటి మనిషి. వెల్డింగ్ పని చేస్తాడు, పాత లారీ ఒకటి ఉంది. ఆయనకి ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే, దయ్యాల కళ్ళు కప్పడానికి 'ఇతను కాదు' అని అర్థం వచ్చే ఆ పేరు పెట్టారు మా మామగారు. నోట్లోంచి మాట రావడానికి కూడా ఆ దయ్యాల అనుమతి కావాలేమో అన్నట్టుంటాడు.

పోయిన శరత్కాలంలో మా లారీ నిండా ఎండుగడ్డి వేసుకుని వస్తుంటే హనుయ్ నది మధ్యలో ఇరుక్కుంది. గోంబో బావ ట్యాంకరుతో వచ్చి లాగాడు. అది నిజం. ఆయన తాడు తప్పుగా కట్టాడు, మొదటిసారి బంపర్ ఊడి చేతికొచ్చింది, లారీ ఇంకా లోతుకి జారి సగం గడ్డి తడిసిపోయింది. అదీ నిజమే. కానీ ఆ రెండోది ఆయన ఎవరికీ చెప్పలేదు. కొత్త ఏడాది తెల్లనెల పండక్కి మా అమ్మ ఇంట్లో చుట్టాలందరి ముందూ, ఎనెబిష్ బూట్లు పళ్ళతో కరిచి పట్టుకుని క్యాబిన్ మీద ఎలా కూర్చున్నాడో నటించి చూపించాడు. "పేరే చెప్తోందిగా, బండిని ఒడ్డుకి తెచ్చింది ఇతను కాదు!" అన్నాడు. ఇల్లు దద్దరిల్లేలా నవ్వారు. మా ఆయన గిన్నె కింద పెట్టి, టోపీ తీసుకుని బయటికి నడిచాడు. అప్పట్నించీ ఇద్దరికీ మాటల్లేవు.

ఆ ఉదయం మేం ముందు వెళ్ళాం. మా ఆయన గ్రైండరు సంచి దింపి, జీపు చుట్టూ ఒకసారి తిరిగి, కుడి చక్రం బోల్టులు వదులు చెయ్యడం మొదలుపెట్టాడు. అంతలో కంచె అవతల మోటారుసైకిలు ఆగింది. అక్క వెనక నుంచి దిగి తలుపు తీసింది. గోంబో బావ లోపలికి వస్తూనే ఆగిపోయాడు.

"అత్తయ్యా, ఇక్కడ ఇంకెవరో ఉన్నారే," అన్నాడు.

"ఉన్నారు. కుడి చక్రం కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"అది నీది కాదు. ఎడమది నీది."

మా ఆయన లేచి నిలబడ్డాడు. "అత్తయ్యా, రెండూ నేనే చేసేస్తాను. సాయంత్రానికి అయిపోతుంది."

"సొలొంగో," అన్నాడు బావ నా వైపు తిరిగి. "మీ ఆయనతో చెప్పు. నేనైతే రెండూ భోజనాల వేళకే చేసేస్తానని."

"చెరో చక్రం," అంది అమ్మ. "జాకీ ఒకటే ఉంది. గొట్టం పానా ఒకటే ఉంది. దాని కోసం కొట్టుకుంటే ఇద్దర్నీ కుక్క చేత కరిపిస్తాను. నరా, నువ్వెళ్ళి పిండి కలుపు."

అలా మొదలైంది పని. జాకీతో ఒక్కో పక్కా లేపి ఇరుసు కింద దుంగలు పెట్టారు. చక్రాలు ఊడదీశారు. బ్రేకు డ్రమ్ములు తీశారు. మధ్యలో ఇంజను, దాని మీద బానెట్టు, అటొకరు ఇటొకరు. ఒకరి బూట్లు ఒకరికి కనిపించేంత దూరం. అయినా మాట మాత్రం నా ద్వారానే నడవాలి.

"సొలొంగో, ఆ గొట్టం పానా పని అయిందేమో అడుగు."

"పని అయిందా అని అడుగుతున్నాడు."

"అవలేదని చెప్పు."

"అవలేదట."

"నట్టుని పట్టి ఉంచే వాచ్చరు నాలిక వంచకుండా తిప్పుతున్నాడేమో చూడు, అందుకే ఆలస్యం."

"నేను నాలికలు వంచడం నేర్చుకున్నాను, కొందరిలా ఆడించడం కాదు అని చెప్పు," అన్నాడు మా ఆయన. పెళ్ళయ్యాక ఆయన నోట అంత పొడుగు మాట వినడం అదే మొదలు. వంటింటి కిటికీలోంచి అక్క పకపకా నవ్వింది.

అటూ ఇటూ తిరిగి నా కాళ్ళు లాగాయి. చివరికి బానెట్టెక్కి కూర్చున్నాను. పానా ఇటు నుంచి అందుకుని అటు ఇవ్వడం, మాట అటు నుంచి అందుకుని ఇటు ఇవ్వడం. కొన్ని మాటలు మధ్యలో మింగేశాను. అన్నీ చేరవేస్తే ఆ పూట ఎవరికీ భోజనం ఉండేది కాదు.

హబ్బులు బయటికొచ్చాక లోపలి గ్రీజు తారులా నల్లగా ఉంది. వేలితో రాస్తే ఇనుప రజను మెరిసింది. పాత బేరింగుల రోలర్ల మీద ఎలుక కొరికినట్టు గుంటలు. అమ్మ ఒకటి తీసుకుని వెలుతురులో తిప్పి చూసింది. "ఇంకో నెల నడిపి ఉంటే చక్రం నాకంటే ముందు కొండ దిగేది," అని పారేసింది.

హబ్బు లోపల బిగిసిన పాత రింగుల్ని ఇద్దరూ సుత్తితో, ఇత్తడి కడ్డీతో అటు కాస్త ఇటు కాస్త కొట్టి రాలగొట్టారు. కొత్త రింగుని లోపలికి దించడానికి పాత రింగునే దాని మీద బోర్లించి కొట్టాలి. అలా అయితే వంకర పోకుండా తిన్నగా కూర్చుంటుంది. సుత్తి చప్పుడు మొదట బోలుగా వచ్చి, రింగు అడుక్కి తగలగానే గట్టిగా మోగుతుంది. ఎడమ పక్క ఆ గట్టి చప్పుడు ముందు వినిపించింది. గోంబో బావ ఈల వేశాడు.

బేరింగులకి గ్రీజు పట్టించే పని నాదీ అక్కదీ. అరచేతిలో ముద్ద పెట్టుకుని, బేరింగు అంచుతో ఆ ముద్దని గీరుతూ లోపలికి నొక్కాలి, రోలర్ల సందుల్లోంచి అవతలికి సేమ్యాలా వచ్చేదాకా.

"పైపైన పూస్తే పెళ్ళికూతురి ముస్తాబులా ఉంటుంది," అంది అమ్మ ఎడమ చేత్తో ఒకటి చేసి చూపిస్తూ. "కడుపు నింపాలి దీనికి."

"మా ఆయనకి నింపినట్టు," అంది అక్క.

"విన్నాను!" అని అరిచాడు బావ.

ఆయన హబ్బు ఎక్కించి, నట్టు బిగించి, తట్టి, చేతులు తుడుచుకున్నాడు. అమ్మ దగ్గరికి వెళ్ళింది. "బిగించాక కాస్త వెనక్కి వదిలావా, అల్లుడూ?"

"వదిలాను అత్తయ్యా. ఇరవయ్యేళ్ళ నుంచి చేస్తున్న చెయ్యి ఇది. దానికి తెలుసు."

అమ్మ హబ్బుని ఒకసారి తిప్పి చూసి ఏదో అనబోయింది. అప్పుడే కుడి పక్క నుంచి మా ఆయన పళ్ళు కొరుకుతున్న చప్పుడు వినపడింది. అందరం అటు తిరిగాం.

ఆయన పక్క హబ్బు వచ్చింది గానీ, లోపలి బేరింగు రింగు ఇరుసుని పట్టుకుని ఉండిపోయింది. బేరింగు చితికి, వేడెక్కి, ఆ ఇనుప రింగు ఇరుసు మీదే అతుక్కుపోయినట్టుంది. రంగు కూడా నీలంగా తిరిగింది. దాన్ని తియ్యందే కొత్తది ఎక్కదు. మా ఆయన దాని వెనక ఉలి పెట్టి కొడుతున్నాడు. అంగుళంలో సగం కూడా కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. ఉలి జారి ఇరుసు భుజానికి తగిలింది.

గోంబో బావ బానెట్టు మీదుగా వంగి అరిచాడు. "ఒరేయ్! అలా కొడితే ఇరుసు పోతుందిరా! ఇరుసు మీద గాటు పడితే ఇక ఏ బేరింగు పెట్టినా తింటుంది!"

నా ద్వారా కాదు. తిన్నగా ఆయనతోనే.

మా ఆయన సుత్తి ఆపాడు. తలెత్తకుండా, "సొలొంగో, ఎవరో నాతో మాట్లాడినట్టున్నారే," అన్నాడు.

"నేనే మాట్లాడాను. మాట్లాడక చస్తానా? అది మా అత్తగారి ఇరుసు."

"మరి ఏం చెయ్యమంటావ్?"

"గ్రైండరు తెచ్చావుగా. రింగు మీద గాడి కొయ్యి. పూర్తిగా కొయ్యకు, లోపలి ఇరుసుకి తగలకూడదు. ముప్పావు మందం కోసి ఆపు. మిగిలింది ఆ గాడిలో ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే పగులుతుంది."

"అది నాకూ తెలుసు. గాడి కొయ్యడం నా పని. ఉలి కదలకుండా పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. అందుకే ముందు ఇది చేసి చూశాను."

గోంబో బావ జీపు ముందు నుంచి చుట్టూ నడిచి ఇటు వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "కొయ్యి," అన్నాడు.

ఇంట్లోంచి తీగ లాగి గ్రైండరుకి కరెంటు ఇచ్చాం. మా ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఆ పనిలో ఆయన చెయ్యి చూడాల్సిందే. నిప్పురవ్వలు పల్చటి తోకలా లేచాయి. రెండు గాట్లు పెట్టి, ఊది, వేలితో తడిమి, మళ్ళీ ఒక వెంట్రుకంత కోసి ఆపేశాడు. బావ వంగి చూసి తలూపాడు. బాగుందని మాత్రం అనలేదు.

అప్పుడు బావ రెండు చేతులతో ఉలి పట్టుకుని గాడిలో ఆనించాడు. మా ఆయన పెద్ద సుత్తి అందుకున్నాడు. అన్నీ లాగిపడేసే మా ఇంటి పిల్లలు కూడా ముట్టుకోని బరువైన సుత్తి అది.

"వేళ్ళు చూసి కొట్టు," అన్నాడు బావ.

"ఎన్ని ఉన్నాయి?"

"పదీ ఉన్నాయి. పదీ కావాలి."

మా ఆయన సుత్తి భుజం మీదికి ఎత్తాడు. ఎత్తి అక్కడే ఆపేశాడు. దించడు, కొట్టడు.

"ఏమైంది?" అన్నాడు బావ.

"ఒక్క మాట అడగాలి. ఆ రోజు నదిలో తాడు ఎక్కడ కట్టమన్నాను నేను?"

"ముందు కొట్టరా!"

"ముందు చెప్పు."

"ఇప్పుడా? ఇలాగా? చేతులు లాగేసుకుంటాను, ఉలి పడిపోతుంది."

"లాగేసుకో. మళ్ళీ పట్టుకునేటప్పుడు అడుగుతాను."

అక్క పిండి చేతులతో గుమ్మంలో నిలబడిపోయింది. మా ఆయన ముఖంలో కోపం లేదు. పని మధ్యలో కొలత అడిగినట్టు అడుగుతున్నాడంతే. గోంబో బావ తల పైకెత్తి సుత్తి వైపు చూశాడు, తర్వాత మా అమ్మ వైపు. అమ్మ ముక్కుపొడుం సీసా మూత తీస్తోంది. ఆమె దగ్గర్నించి సాయం రాదని ఆయనకి అర్థమైంది.

"చట్రం కొక్కేనికి కట్టమన్నావు," అన్నాడు.

"నువ్వెక్కడ కట్టావు?"

"బంపరుకి కట్టాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి, వంగడానికి బద్ధకమేసింది. బంపరు ఊడింది. గడ్డి తడిసింది నా వల్లే. చాలా? ఇంకేమైనా కావాలా? నా పుట్టిన తేదీ చెప్పనా?"

సుత్తి దిగింది. ఒక్కటే దెబ్బ. టంగుమని కాదు, ఎండు కట్టె విరిగినట్టు చిట్లిన చప్పుడు వచ్చింది. రింగు మీద పైనుంచి కిందికి పగులు కనిపించింది. బావ ఉలి వదిలేసి వేళ్ళు ఒక్కొక్కటే కదిపి చూసుకున్నాడు. మా ఆయన రెండు వేళ్ళతో ఆ రింగుని పట్టి లాగితే ఉంగరంలా జారి వచ్చేసింది. కింద ఇరుసు నున్నగా ఉంది, గాటు లేదు.

"సమంగా తెగింది," అన్నాడు బావ.

"ఉలి కదల్లేదు," అన్నాడు మా ఆయన.

తర్వాత పని చకచకా సాగింది. ఇరుసుని సన్నటి గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి, బేరింగు ఎక్కించి, సీలు కొట్టి, హబ్బు తొడిగారు. మా ఆయన ఒక చేత్తో హబ్బుని తిప్పుతూ ఇంకో చేత్తో నట్టు బిగించాడు. అది తిరగడానికి మొరాయించేదాకా బిగించి, అప్పుడు వెనక్కి కాస్త వదిలి, మళ్ళీ తిప్పి చూసి, ఇంకాస్త వదిలాడు. బావ నిలబడి సలహాలు చెప్తూనే ఉన్నాడు. మా ఆయన కావలసినవి విన్నాడు, అక్కర్లేనివి వదిలేశాడు. నేను బానెట్టు దిగిపోయాను. నాతో ఇక ఎవరికీ పని లేదు.

నూడుల్సు తిన్నాం. అమ్మ తాళం తీసుకుంది.

"నేను నడిపి చూస్తాను అత్తయ్యా, మీ భుజం..." అన్నాడు బావ.

"భుజంతో నడపను. ఎక్కండి." గొట్టం పానా, జాకీ కూడా లోపల వేయించింది.

"అవెందుకు? పని అయిపోయిందిగా?"

"నా అల్లుళ్ళు నాకు తెలుసు," అంది.

కనుమ దారి పట్టాం. మూలుగు లేదు. ఇంజను చప్పుడూ, టైర్ల కింద గులకరాళ్ళ చప్పుడూ విడివిడిగా వినిపిస్తున్నాయి. అమ్మ వేగం పెంచింది. ఎడమకి తిప్పింది, కుడికి తిప్పింది, కావాలని ఒక గుంటలోంచి పోనిచ్చింది. వెనక సీట్లో తోడల్లుళ్ళిద్దరి మధ్యా అక్క ఇరుక్కుని కూర్చుంది. బావ ముఖం వెలిగిపోతోంది. "వెన్నలా పోతోంది అత్తయ్యా, వెన్న!"

కనుమ మొదట్లో, మొక్కుల నీలి గుడ్డలు కట్టిన రాళ్ళ గుట్ట దగ్గర అమ్మ ఆపింది. దిగి కుడి చక్రం మధ్యలో హబ్బు మీద అరచెయ్యి ఆనించింది. అక్కడే ఉంచి ఆకాశం చూసింది. తర్వాత ఎడమ పక్కకి వెళ్ళి ఆనించింది. వెంటనే తీసేసింది.

"పెద్దల్లుడూ, ఇలా రా. ఇక్కడ చెయ్యి పెట్టు."

బావ పెట్టాడు. "వెచ్చగా ఉంది. కొత్త బేరింగు కదా."

"ఇంకాసేపు ఉంచు."

ఉంచాడు. ముఖం ముందు నవ్వుతూ ఉంది, తర్వాత నవ్వు ఆగింది, తర్వాత చెవులు ఎర్రబడ్డాయి. "అబ్బా!" అని చెయ్యి లాగి విదిలించాడు.

"ఇరవయ్యేళ్ళ చెయ్యి అది," అంది అమ్మ. "దానికి తెలిసిందా?"

అక్క రాళ్ళ గుట్ట వెనక్కి వెళ్ళిపోయింది, నవ్వు కనపడకుండా. గోంబో బావ బండిలోంచి జాకీ దించాడు. చక్రం లేపి, పై మూత బోల్టులు విప్పి, వాచ్చరు నాలిక వంచి, గొట్టం పానా పెట్టాడు. మా ఆయన చెప్పకుండానే వెళ్ళి ఎదురుగా కూర్చుని చక్రాన్ని పైనా కిందా పట్టుకున్నాడు. బావ నట్టు వదులు చేస్తుంటే ఈయన తిప్పి చూస్తాడు, ఊపి చూస్తాడు.

"ఇంకొంచెం. ఇంకొంచెం. ఆగు, ఊగుతోంది. కాస్త ముందుకి. చాలు."

అది కదలకుండా పైన రెండో నట్టు బిగించారు. నాలిక వంచారు. బావ చేతులు తుడుచుకుంటూ, మా ఆయన ముఖం వైపు ఓరగా చూస్తూ నిలబడ్డాడు. దెబ్బ ఎటు నుంచి వస్తుందా అని చూసే మనిషిలా ఉన్నాడు. దెబ్బ రాలేదు. కాసేపటికి ఆయనే ఉండబట్టలేకపోయాడు.

"ఏమీ అనవా?"

"అంటాను," అన్నాడు మా ఆయన. "ఇక్కడ కాదు. జనం ఉన్నచోట."

బావ ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత భుజాలెగరేశాడు. "అను. నీకు హక్కుంది. కానీ సరిగ్గా చెప్పు. నీకు చెప్పడం రాదు."

కనుమ ఈవలి లోయలో జిగ్మెద్ ముసలాయన గుడారం ఉంది. అమ్మకి లారీ రోజుల స్నేహితుడు. అక్కడిదాకా పోనిచ్చి, మళ్ళీ హబ్బుల మీద చెయ్యి పెట్టి చూసింది. రెండూ పాలగిన్నెలా గోరువెచ్చగా ఉన్నాయి. టీకి లోపలికి వెళ్ళాం. ముసలాయన, ఆయన భార్య, గొర్రెల దగ్గర్నించి వచ్చిన పొరుగు దంపతులు, గుడారం నిండా మనుషులే. పాల టీ గిన్నెలు చేతికి వచ్చాయి. ఎక్కణ్ణించి వస్తున్నారు, బండి ఎలా ఉంది అని కుశలప్రశ్నలయ్యాయి.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. అందరూ ఆశ్చర్యంగా ఆయన వైపు తిరిగారు.

"మా అన్న ఎడమ చక్రం బిగించాడు," అన్నాడు. "ఎక్కువ బిగించాడు. వేడెక్కింది. వదులు చేశాం."

అని టీ తాగాడు.

పొయ్యిలో పిడక చిటపటలాడింది. ముసలాయన మర్యాదగా, "ఓహో," అన్నాడు.

గోంబో బావ గిన్నె కింద పెట్టాడు. ఎవరో తన కళ్ళముందే మంచి మాంసాన్ని నీళ్ళలో పారబోసినట్టు ఉంది ఆయన ముఖం. "అదేనా చెప్పడం? అంత గొప్ప సంగతిని అలా చంపేస్తావా? నువ్వు జరుగు." అని మోకాళ్ళ మీదికి లేచాడు.

ఇక ఆయన మొదలుపెట్టాడు. తన ఈల, తన ఇరవయ్యేళ్ళ చెయ్యి, అత్తగారు ఆకాశం వైపు చూస్తూ నిలబడటం, తన చెయ్యి హబ్బు మీద కాలుతుంటే నవ్వు ఎలా అతికించుకున్నాడో, అన్నీ నటించి చూపించాడు. అక్కడితో ఆగలేదు. వెనక్కి వెళ్ళి ఉలి దగ్గర మొదలుపెట్టి, భుజం మీద సుత్తితో చలనం లేకుండా నిలబడిన ఎనెబిష్‌ని చూపించాడు. "ఈ మనిషి పండగ రోజు ఒక్క మాట అనలేదు. నా పది వేళ్ళూ తన చేతికి వచ్చేదాకా ఆగాడు!" అన్నాడు. అక్కణ్ణించి కథ నదిలోకి వెళ్ళింది. ఈసారి బంపరు ఊడింది. తాడు చివర బంపరు పట్టుకుని ట్యాంకరులో ఒడ్డెక్కిపోయిన తననీ, వెనక లారీ లేదని గమనించకుండా గర్వంగా హారన్ కొట్టిన తననీ చూపించాడు. ఆ హారన్ సంగతి అమ్మకీ అక్కకీ నాకూ తెలియదు.

ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. పొరుగాయనకి టీ పొలమారింది. మా ఆయన తల వంచుకుని, మోకాలి మీద చేత్తో కొట్టుకుంటూ చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు. నవ్వీ నవ్వీ, "హారన్ రెండుసార్లు కొట్టాడు," అని అందించాడు.

"చూశారా, చెప్పడం వస్తోంది వీడికి!" అన్నాడు బావ.

వారం తిరక్కుండా అమ్మ మందల్ని మేపే వేసవి మకాంకి కదిలింది. జీపులో అమ్మా, అక్కా, నేనూ, కాళ్ళ దగ్గర రెండు గొర్రెపిల్లలూ. వెనక మా లారీలో గుడారం కట్టెలు, పొయ్యి, పెట్టెలు. కనుమ ఎక్కేటప్పుడు అమ్మ ఒక చేత్తోనే స్టీరింగు పట్టుకుని, ఇంకో చేత్తో ఎండు పెరుగు గడ్డ నములుతూ నడిపింది. అవతలి వైపు దిగాక ఆగి వెనక బండి కోసం చూశాం. లారీ వచ్చింది. మా ఆయన దిగాడు, పక్క తలుపులోంచి గోంబో బావ ఇంకా ఏదో చెప్తూనే దిగాడు.

"దారంతా మాట్లాడాడా?" అని గుసగుసగా అడిగాను మా ఆయన్ని.

"ఆఁ."

"నువ్వేమన్నావు?"

"గేర్లు మార్చుకున్నాను," అన్నాడు. వెళ్ళి గుడారం కట్టెలు దించడానికి బావకి ఒక చివర అందించాడు.